కొలను - కొలత

ఈతకు మించిన లోతు లేదని మన పెద్దల సామెత. చేతనైన వానికి మడుగైనను మహానదియైనను ఒకటేనని దాని భావము. అనగా నీటికి కొలత ఈదువాని శక్తియే. కాని స్త్రీలు ఈతకు దిగిన చోట చరిత్ర వేరు విధముగా నడచినది. అక్కడ లోకము కొలిచినది నీటి లోతును కాదు, ఈదువారి శక్తిని కాదు; వారి దుస్తుల పొడవును, వారి నడుము చుట్టుకొలతను. ఈ కొలతల చరిత్రను, దానిని ఎదిరించి, తుదకు తానే ఒక కొలతగా మారిన ఒక స్త్రీ జీవితమును ఈ ప్రసంగమున పరిశీలింతము.

మా స్త్రీల కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో రెండు మమ్ము ఈ విషయమునకు పురికొల్పినవి. ఒక తల్లి వ్రాసినారు: పండ్రెండేండ్ల కుమార్తె ఈత నేర్చుకొందునని పట్టుపట్టుచున్నది, ఆ దుస్తులతో ఆడపిల్లను పదిమందిలోనికి ఎట్లు పంపుదుమని అత్తగారు అడ్డు చెప్పుచున్నారు, ఏమి చేయవలెను? రెండవ ఉత్తరము కళాశాలలో చదువుచున్న ఒక బాలికది. ప్రకటనలలోని బొమ్మలను చూచి చూచి తన శరీరము తనకే నచ్చకుండ పోయినదనియు, పెండ్లిండ్లలో ఫొటో తీయుదుమన్నచో వెనుక వరుసలోనికి తప్పుకొందుననియు ఆమె బాధ. మొదటి ఉత్తరములో శరీరము నలుగురికి కనబడునేమో యను భయము. రెండవదానిలో కనబడినచో అది చాలదేమో యను భయము. ఈ రెండు భయములకును వేరు ఒక్కటేనని మాకు తోచినది. ధర్మపన్నములు చెప్పుటకంటె ఒక జీవితకథ చెప్పుట మేలని ఆనెట్ కెల్లర్మన్ చరిత్రను ఎన్నుకొన్నాము.

ఆనెట్ 1886 జూలై 6వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున జన్మించినది. తండ్రి వయొలిన్ విద్వాంసుడు. తల్లి పియానో వాయించుటలోను నేర్పుటలోను పేరు గన్నది. ఇల్లంతయు సంగీతమే. కాని బిడ్డకు కాళ్లలో సత్తువ లేదు. నిలుచుటకు ఉక్కు పట్టీలు అవసరమైనవి. ఆ కాళ్లకు బలము వచ్చునేమోయని తలిదండ్రులు ఆమెను ఆరేండ్ల ప్రాయమున ఈత కొలనునకు పంపినారు. మొదట ఆమెకు నీరన్న భయము. క్రమముగా భయము పోయినది, పట్టీలు పోయినవి. పదుమూడేండ్లు వచ్చుసరికి కాళ్లు చక్కబడినవి. పదునైదేండ్లకు ఆనాడు తెలిసిన ఈత పద్ధతులన్నియు ఆమెకు కరతలామలకములు. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకమందుంచుకొనవలెను. ఆమె నీటిలో దిగినది అందము కొరకు కాదు, నడచుటకు. శరీరమనగా చూపించు వస్తువు కాదనియు, పని చేయు సాధనమనియు ఆమెకు మొట్టమొదట తెలిపినవి ఆ ఉక్కు పట్టీలే.

ఆనాటి సముద్రతీరము మనము ఊహించునట్టిది కాదు. సిడ్నీ ప్రాంతమున పదిమందికి కనబడు తావులలో ఉదయము ఆరు గంటలకు రాత్రి ఎనిమిది గంటలకు మధ్య స్నానము చేయుట 1838 నుండి నేరము. 1902లో విలియం గోచర్ అను పత్రికాసంపాదకుడు మాన్లీ తీరమున పట్టపగలు నీటిలో దిగి ఆ నిబంధనను ధిక్కరించినాడు. మరుసటి సంవత్సరము అక్కడి పురపాలక సంఘము దానిని సడలించినది. ఇంగ్లండులో మర్యాదస్థులైన స్త్రీలు చక్రములమీది చెక్క గదిలో కూర్చుండి, గుఱ్ఱము దానిని నీటిలోనికి లాగికొనిపోగా, లోపలనే బట్టలు మార్చుకొని మెట్లమీదుగా దిగెడివారు. ఆ స్నానపు దుస్తులు ఉన్నితో కుట్టినవి: చొక్కా, దానిపై పావడా, కాళ్లకు మేజోళ్లు, కొన్నిచోట్ల బూట్లు కూడ. తడిసినచో ఎంత బరువగునో చెప్పనక్కరలేదు. ఆ బరువుతో నీట మునుగవచ్చునే కాని ఈదుట కష్టము. మర్యాద కొరకు కుట్టిన దుస్తులు ప్రాణమునకు ముప్పు తెచ్చునవిగా ఉండినవి.

1902వ సంవత్సరము ఆస్ట్రేలియా స్త్రీలకు రెండు విధముల ముఖ్యమైనది. ఆ యేడు వారికి దేశ పార్లమెంటు ఎన్నికలలో ఓటుహక్కు లభించినది. ఆ దేశపు ఆదివాసి స్త్రీలలో పెక్కుమందికి అది అందలేదన్న సత్యమును కూడ చెప్పవలెను. ఆ యేడే ఆనెట్ న్యూ సౌత్ వేల్సు రాష్ట్ర స్త్రీల పోటీలలో నూరు గజముల ఈతను 1 నిమిషము 22 సెకండ్లలోను, మైలు ఈతను 33 నిమిషముల 49 సెకండ్లలోను ముగించి రెండింటను విజేతయైనది. ఈ అంకెలను ఉద్దేశపూర్వకముగనే చదివి వినిపించుచున్నాము. ఆమెను గూర్చి తరువాత లోకము ప్రచారము చేసిన అంకెలు వేరు. ఇవి గడియారము చెప్పిన కొలతలు. అవి దర్జీ టేపు చెప్పినవి.

తరువాత కుటుంబము మెల్బోర్న్ చేరినది. అక్కడి ప్రదర్శనశాలలో గాజు తొట్టిలో చేపల నడుమ ఈదుచు ఆమె జీవనము సాగించినది. 1905లో తండ్రితో ఇంగ్లండు వెళ్లి, థేమ్సు నదిలో పట్నీ నుండి బ్లాక్‌వాల్ వరకు ఈదినది. దానితో పత్రికల దృష్టి ఆమెపై పడినది. ఒక దినపత్రిక ఖర్చు భరింపగా ఇంగ్లీషు కాలువను దాటుటకు పూనుకొన్నది. 1875లో కెప్టెన్ వెబ్ దాటిన పిమ్మట ఆనాటివరకు మరి ఎవ్వరికిని అది సాధ్యము కాలేదు. ఆనెట్ మూడు పర్యాయములు ప్రయత్నించి, ఒకసారి పదిగంటలకు పైగా నీటిలో నిలిచియు, గట్టు చేరలేకపోయినది. ఆ ప్రయత్నములలో పురుషులకు వస్త్రనిబంధన లేదు. ఆమెకు మాత్రము ఉన్నది. ఉప్పునీటిలో గంటల తరబడి ఆ బట్ట చంకల క్రింద ఒరసికొని చర్మము పుండు పడినది. ఓటమికి అది ఒక్కటే కారణమని మేము అనము. ఓర్పు ఉన్నను అంతటి కండబలము తనకు లేదని ఆమెయే ఒప్పుకొన్నది. కాని ఒకే సముద్రమును ఇద్దరు ఈదునపుడు ఒకరికి మాత్రమే బరువు కట్టుట న్యాయము కాదు.

లండనులో రాజకుటుంబీకుల ఎదుట ఈత ప్రదర్శించుటకు పిలుపు వచ్చినపుడు, కాళ్లు కనబడరాదని షరతు విధించినారు. ఆనెట్ వాదమునకు దిగలేదు. పురుషులు పందెములలో ధరించు బిగుతైన ఈతచొక్కాకు నల్లని మేజోళ్లు కలిపి కుట్టుకొన్నది. మెడ నుండి మడమ వరకు ఒకే వస్త్రము. చర్మము కనబడలేదు, షరతు నెరవేరినది. శరీరము కదలుటకు వీలు కలిగినది, ఆమె పని నెరవేరినది. స్త్రీల ఏకవస్త్రపు ఈతదుస్తు చరిత్రలో ఇది ఒక ముఖ్యమైన ఘట్టము. అమెరికాలో ఆ రకపు దుస్తులకు కొంతకాలము ఆమె పేరే నిలిచినది.

ఆ దేశమునకు వెళ్లిన పిమ్మట, బోస్టన్ నగర సమీపమున రివియర్ తీరమందు తాను ఆ దుస్తులతో ఉండగా పోలీసులు అసభ్యతానేరముపై పట్టుకొన్నారనియు, న్యాయాధిపతి దయతలచి విడిచిపెట్టినాడనియు ఆమె తరువాతి కాలమున పలుమార్లు చెప్పినది. పరిశోధకులు ఆనాటి పత్రికలను వెదకినను దీనికి సాక్ష్యము చిక్కలేదు. రంగస్థలమున బ్రతుకువారు తమ కథకు కొంత వన్నె పెట్టుట వింత కాదు. అయినను ఈ కథ అంత త్వరగా వ్యాపించుటలో ఒక సత్యము కలదు: అట్టి నిర్బంధము జరిగియుండునని వినినవారందరు సులభముగా నమ్మినారు.

1908లో మరియొక కొలత వచ్చినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున వ్యాయామశాస్త్రవేత్తయైన డాక్టర్ డడ్లీ సార్జెంట్ వేలాది స్త్రీల అంగప్రమాణములను సేకరించియున్నాడు. ఆనెట్ కొలతలు పారిస్‌లోని ప్రసిద్ధమైన వీనస్ శిలావిగ్రహపు ప్రమాణములకు మిక్కిలి దగ్గరగా ఉన్నవని చెప్పి, ఆమెను పరిపూర్ణ స్త్రీ యని ఆయన ప్రకటించినాడు. ఆ బిరుదు గోడప్రకటనలకెక్కినది. నాటకశాలలు నిండినవి. ఇందులోని విడ్డూరమును ఎవరైనను గమనించినారో లేదో కాని, ఆ విగ్రహమునకు చేతులు లేవు. ఇంగ్లీషు కాలువలో పదిగంటలు నీటిని చీల్చిన స్త్రీకి ఆదర్శముగా చూపబడినది చేతులు విరిగిన బొమ్మ! ఆమె ఏమి చేయగలదో ఆ కొలతలో లేదు. ఆమె ఎట్లు కనబడునో అంతయు ఉన్నది.

ఆనెట్ ఆ బిరుదును త్రోసిపుచ్చలేదు. దానితోనే జీవించినది. ఇక్కడనే ఆమె చరిత్ర చిక్కుముడి పడుచున్నది. ఒకవైపున ఆమె స్త్రీలకు ఆరోగ్యమును గూర్చి ఉపన్యాసములిచ్చినది. నడుమును ఉక్కుబద్దలతోను తిమింగలపు ఎముకతోను బిగించు కార్సెట్టును ఖండించినది. కండరములు చేయవలసిన పనిని బద్దలు చేసినచో కండరములు క్షీణించునని, ఉక్కు పట్టీల బాధ ఎరిగిన ఆమె చెప్పుట సహజము. మరియొకవైపున 1918లో వెలువడిన ఆమె గ్రంథమునకు పేరు దేహసౌందర్యము, దానిని నిలుపుకొను విధానము అను అర్థము నిచ్చునది. టపాద్వారా వ్యాయామపాఠములను అమ్మిన ప్రకటనలలోను ఆమె రూపమే ఆకర్షణ. కార్సెట్టు బయటినుండి బిగించినది. ఈ పాఠములు చదివిన స్త్రీ ఇక లోపలనుండి తన్ను తాను బిగించుకొనవలెను. ఒక సంకెల విప్పిన చేయియే మరియొక దానిని తొడిగినదా యని ప్రశ్నించువారున్నారు. ఆ ప్రశ్న అన్యాయము కాదు. కాని అదే యేడు ఆమె ఈత నేర్చుకొను విధానముపై మరియొక గ్రంథము కూడ ప్రకటించినదని మరువరాదు. ఒకటి అద్దము ముందు నిలువమన్నది. రెండవది నీటిలో దిగుమన్నది.

చలనచిత్రములలోను ఇదే ద్వంద్వము. 1914లో నెప్ట్యూన్స్ డాటర్ అను చిత్రమున నటించుచుండగా గాజు తొట్టి పగిలి ఆమెయు, దర్శకుడు హెర్బర్ట్ బ్రెనన్‌యు గాయపడినారు. 1916లో జమైకా ద్వీపమున తీసిన ఎ డాటర్ ఆఫ్ ది గాడ్స్ చిత్రమునకు పది లక్షల డాలర్లు వ్యయమైనదని నిర్మాతలు చాటినారు. అందు ఆమె నగ్నముగా కనబడిన దృశ్యముల కొరకు జనము విరగబడినారు. ఆ కాలమున ఆమె బదులుమనుషులను పెట్టుకొనక తొంబది అడుగులకు పైబడిన ఎత్తునుండి తానే సముద్రములోనికి దుమికిన సంగతి తక్కువగా చెప్పుకొన్నారు. ఆ చిత్రపు ప్రతి నేడు ఎక్కడను దొరకదు. ఆమె నటించిన పెద్ద చిత్రములలో సంపూర్ణముగా మిగిలినది 1924 నాటి వీనస్ ఆఫ్ ది సౌత్ సీస్ ఒక్కటియే.

ఈ కాలముననే ఆమె స్వస్థలమందు జరిగిన ఒక వివాదము మన ప్రశ్నకు మిక్కిలి సన్నిహితమైనది. రోజ్ స్కాట్ న్యూ సౌత్ వేల్సులో స్త్రీల ఓటుహక్కుకు పోరాడిన నాయకురాలు. ఆమెయే అక్కడి స్త్రీల ఈతసంఘమునకు అధ్యక్షురాలు. పురుష ప్రేక్షకులుండు చోట స్త్రీలు పోటీ చేయరాదని ఆ సంఘపు నియమము. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో తొలిసారి స్త్రీలకు ఈతపోటీలు ఏర్పడినవి. ఫానీ డ్యూరాక్, మీనా వైలీ అను ఇద్దరు సిడ్నీ యువతులను పంపవలెనని ప్రజలు కోరినారు. స్కాట్ నియమము పట్టునే నిలిచినది. సంఘసభ్యులు నియమమును సడలించినారు; ఆమె పదవి విడిచినది. యువతులు వెళ్లినారు. నూరు మీటర్ల పోటీలో డ్యూరాక్ స్వర్ణపతకమును, వైలీ రజతపతకమును గెలిచి తెచ్చినారు.

రోజ్ స్కాట్‌ను ఛాందసురాలని నవ్వి త్రోసివేయుట సులభము. కాని ఆమె భయము నిరాధారమైనది కాదు. పురుషుల చూపు క్రీడను వదలి శరీరమును కొలుచునని ఆమె ఎరుగును. ఆనెట్ జీవితమే అందుకు తార్కాణము. అయితే ఆ చూపునకు విరుగుడుగా స్కాట్ స్త్రీలను దాచదలచినది. దోషము చూచువానిది కాగా శిక్ష ఈదు బాలికకు పడినది. ఆ ఇద్దరు యువతులు ఇంటనే ఉండియుండినచో చూపు మారెడిది కాదు. పతకములు మాత్రము వచ్చెడివి కావు.

తరువాతి నూరేండ్ల చరిత్రలో టేపు మరల మరల కనబడును. 1921లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీయందు అందాల పోటీ ప్రారంభమైనది. 1922లో వాషింగ్టన్ నగరపు స్నానతీరమున స్త్రీల ఈతదుస్తు మోకాలికి ఆరంగుళములకంటె పైకి ఉండరాదని ఉత్తరువు వెలువడగా, ఒక అధికారి మోకరిల్లి టేపుతో కొలుచుచున్న ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. ఒకచోట టేపు బహుమతి నిచ్చుటకు, మరియొకచోట తీరము నుండి వెళ్లగొట్టుటకు. 1926 ఆగస్టు 6వ తేదీన గెర్ట్రూడ్ ఎడెర్లె ఇంగ్లీషు కాలువను దాటిన తొలి స్త్రీ యైనది. సుమారు పదునాలుగున్నర గంటలలో, అంతకుముందు దాటిన ఐదుగురు పురుషులకంటెను త్వరగా దాటినది. ఆనాడు మాత్రము లోకము గడియారమును చూచినది.

1951లో లండనులో ప్రపంచ సుందరి పోటీలు ఈతదుస్తులతోనే మొదలైనవి. 1968లో అట్లాంటిక్ సిటీలో స్త్రీవాదులు నిరసన తెలుపుచు నడుము బిగించు పట్టీలను, మడమల చెప్పులను చెత్తడబ్బాలో పారవైచినారు. కార్సెట్టును తూలనాడిన ఆనెట్ అప్పటికి ఎనుబదిరెండేండ్ల వృద్ధ. 1996లో బెంగుళూరున ఈ పోటీలు జరిగినపుడు తీవ్రమైన నిరసన చెలరేగి, ఈతదుస్తుల భాగమును సెషెల్స్ దీవులకు తరలించినారు. 2014లో ఆ భాగమును పూర్తిగా తీసివేయుచున్నామని నిర్వాహకులు ప్రకటించినారు. 2025 మే నెలలో ఇవే పోటీలు మన హైదరాబాదున జరిగినవి. పలువురు శ్రోతలు వానిని చూచియే ఉందురు. ఈతదుస్తులు పోయినవి, కొలత పోయినదా యను ప్రశ్నను వారికే విడుచుచున్నాము.

టేపు దిక్కు మారుట కూడ మన కాలమున చూచినాము. 2016లో ఫ్రాన్సు దక్షిణతీరమున కొన్ని పురపాలక సంఘములు నిండుగా కప్పు ఈతదుస్తులను నిషేధించినవి; ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానము ఆగస్టు 26వ తేదీన అట్టి ఉత్తరువు నొకదానిని నిలిపివేసినది. 2021లో నార్వే దేశపు స్త్రీల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు పొట్టి నిక్కరులు ధరించి ఆడినందుకు 1500 యూరోల జుల్మానా పడినది. ప్రక్కన 10 సెంటీమీటర్లకు మించని బికినీయే ధరించవలెనని అప్పటి నియమము. విమర్శలు రాగా ఆ యేడే నియమమును మార్చినారు. 1922లో పొట్టియైనందుకు తప్పు, 2021లో పొడవైనందుకు తప్పు. ఎక్కువ కప్పుమనుటయు తక్కువ కప్పుమనుటయు వేరు వేరు సిద్ధాంతములవలె కనబడును. కాని టేపు పట్టిన చేయి దుస్తు ధరించినవారిది కాదన్న విషయములో రెండును ఒక్కటే.

మన దేశమున ఈ కథకు ఉజ్జ్వలమైన పుట ఆరతీ సాహాది. 1940లో కలకత్తాలో జన్మించిన ఆమె పదకొండేండ్ల ప్రాయమున 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నది. 1959 ఆగస్టులో ఇంగ్లీషు కాలువ దాటబోయి విఫలురాలైనది. నిరుత్సాహపడక సెప్టెంబరు 29వ తేదీన మరల దిగి, 16 గంటల 20 నిమిషములలో ఆవలి గట్టు చేరి, ఆసియా ఖండమునుండి ఆ కాలువను దాటిన తొలి స్త్రీ యైనది. 1960లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చినది. ఆ పదహారు గంటలసేపు ఆమె వేసికొన్న దుస్తు ఎంత పొడవని అడిగినవారిని మేము ఎరుగము.

ఆనెట్ జీవితములోని చివరి భాగము నిరాడంబరము. 1912లో తన వ్యవహారకర్తయైన జేమ్స్ సల్లివన్‌ను వివాహమాడి, తుదివరకు అతనితో కాపురము చేసినది. జీవితమంతయు శాకాహారిణి. కాలిఫోర్నియాలో కొంతకాలము ఆరోగ్యాహార పదార్థముల దుకాణము నడపినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆస్ట్రేలియాలో రెడ్‌క్రాస్ కొరకు పని చేసినది. 1952లో ఆమె కథను మిలియన్ డాలర్ మెర్మెయిడ్ అను చలనచిత్రముగా తీసినారు. ఆమె పాత్ర ధరించిన ఎస్తర్ విలియమ్స్, అలంకారముకొరకు తలపై పెట్టిన లోహకిరీటముతో ఎత్తునుండి దుమికి మెడ ఎముకలు విరుగగొట్టుకొని నెలల తరబడి కట్టులో ఉండవలసివచ్చినది. ఆనెట్ 1970లో స్వదేశము చేరినది. వార్ధక్యమునను ఈత మానలేదు. 1974లో అంతర్జాతీయ ఈత ప్రముఖుల శాలలో ఆమెకు స్థానమిచ్చినారు. 1975 నవంబరులో క్వీన్స్‌లాండ్‌లో మరణించగా, కోరిక ప్రకారము చితాభస్మమును గ్రేట్ బారియర్ రీఫ్ సముద్రమున కలిపినారు.

ఆ రెండు ఉత్తరములకు మా సమాధానము ఇంతే. ఆ తల్లిగారితో అందుము: అమ్మాయిని ఈతకు పంపుడు. ఏ దుస్తులో ఆమెకు చేతులు, కాళ్లు చక్కగా ఆడునో, ఏ దుస్తులో ఆమె మనస్సు నిమ్మళముగా నుండునో, దానిని ఆమెయే చెప్పును. పొడవైన చేతులతో కుట్టినవి నేడు బజారులో దొరకును. అత్తగారికి ఒక్కమాట మనవి చేయుడు: నీటిలో పడినపుడు ఆదుకొనునది ఈతయే కాని ఇతరుల అభిప్రాయము కాదు. ఆ కళాశాల బాలికతో అందుము: అమ్మా, పరిపూర్ణ స్త్రీ యని పేరొందిన ఆమెకు బాల్యమున కాళ్లు వంకర. ఆమెకు ఆత్మవిశ్వాసము టేపువలన రాలేదు. టేపు వచ్చుటకు ఆరేండ్లు ముందే, మైలు ఈది గట్టెక్కిన నాడే వచ్చినది. నీ శరీరము ఎట్లున్నదని అడుగుటకు ముందు, అది నేడు నీకు ఏమేమి చేసిపెట్టినదో సాయంకాలము ఒకసారి లెక్క వేసికొనుము.

సిడ్నీలోని మారిక్‌విల్‌లో నేడు ఆనెట్ పేర ఒక ఈతశాల కలదు. ఇరుగుపొరుగు పిల్లలు అక్కడ ఈత నేర్చుకొనుచున్నారు. బిరుదులు, గోడప్రకటనలు, పది లక్షల డాలర్ల చిత్రము కాలమున కలిసినవి. ఆరేండ్ల బిడ్డ భయపడుచు కాలు పెట్టు కొలను మాత్రము మిగిలినది.